పాస్టన్ లేఖలు: 15వ శతాబ్దపు ఇంగ్లండ్ భూవివాదాలు

- నార్ఫోక్ ప్రాంతపు పాస్టన్ కుటుంబ ఉత్తరాల సంకలనమే పాస్టన్ లేఖలు. 1787లో జాన్ ఫెన్ తొలిసారి ప్రచురించారు.
- 1448లో పాస్టన్ల గ్రెషమ్ ఎస్టేట్‌ను లార్డ్ మోలిన్స్ ఆక్రమించాడు. రక్షణకు క్రాస్‌బౌలు పంపమని మార్గరెట్ భర్త జాన్ పాస్టన్‌కు రాసింది.
- సుమారు వెయ్యి మంది సాయుధులు గ్రెషమ్‌లోని ఇంటిపై దాడిచేసి, మార్గరెట్‌ను బయటికి మోసుకెళ్లారని జాన్ 1450లో పార్లమెంటుకు ఫిర్యాదు చేశాడు.
- 1469లో నార్ఫోక్ డ్యూక్ పాస్టన్ల ఆధీనంలోని కేస్టర్ కోటను ముట్టడించి స్వాధీనం చేసుకున్నాడు. అతడు మరణించాక 1476లో కోట తిరిగి పాస్టన్లకు దక్కింది.
- ఇలాంటి వివాదాలకు కారణాలు: రాజు ఆరో హెన్రీ బలహీన పాలన, ప్రభువుల సొంత అనుచర దళాలు, జ్యూరీలపై ఒత్తిళ్లు.
- సాధారణ కోర్టుల్లో న్యాయం దొరకనివారు రాజుకు, పార్లమెంటుకు, ఛాన్సలర్‌కు అర్జీలు పెట్టుకునేవారు.

గుర్తుంచుకోండి: ఇంగ్లండ్ సింహాసనం కోసం జరిగిన గులాబీల యుద్ధాలు 1455లో మొదలయ్యాయి, గ్రెషమ్ వివాదం అంతకు ముందుదే.