టీమ్‌లో పేరు రాలేదా? ఒక మామూలు డిఫెండర్ కథ చదవండి



స్కూల్ టీమ్ సెలక్షన్లు జరిగిన రోజు, లిస్టులో పేరు రాని పిల్లలు ఇంట్లో ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ బస్సెక్కుతారు. అప్పుడు చాలా ఇళ్లలో వినిపించే మాట ఒకటే: "పోనీలే, ఆటలు నీకు పడవు. ఇక చదువు చూసుకో." మనం ఓదార్పుగానే అంటాం. పిల్లలకు మాత్రం అది "నీకు రాదు" అనే తీర్పులా వినిపిస్తుంది. ఆ మాట అనే ముందు స్వెన్-గోరాన్ ఎరిక్సన్ గురించి తెలుసుకుందాం.

ఆటగాడిగా సాధారణం

ఎరిక్సన్ 1948లో స్వీడన్‌లో పుట్టారు, టోర్స్‌బీ అనే చిన్న ఊళ్లో పెరిగారు. ఆయన రైట్ బ్యాక్, అంటే కుడివైపు డిఫెండర్. ఆడింది కింది డివిజన్ల జట్లకే. దేశం జట్టులో ఎప్పుడూ చోటు దొరకలేదు. 27 ఏళ్లకే ఆడడం ఆపేశారు. మార్కుల భాషలో చెప్పాలంటే జస్ట్ పాస్.

కానీ ఆయన ఆటను వదల్లేదు. వ్యాయామ విద్య చదువుకున్నారు. తనతో ఆడిన సీనియర్ టోర్డ్ గ్రిప్, డెగర్‌ఫోర్స్ జట్టుకు కోచ్‌గా ఉంటూ ఆయన్ను సహాయకుడిగా పిలిచారు. గ్రిప్ వెళ్లాక బాధ్యత ఈయనదే అయింది. అప్పట్లో స్వీడన్‌లో పనిచేస్తున్న ఇంగ్లిష్ కోచ్‌లు బాబ్ హౌటన్, రాయ్ హాడ్జ్‌సన్‌ల పద్ధతులను శ్రద్ధగా గమనించి నేర్చుకున్నారు. (ఇదే హౌటన్ 2006 నుంచి 2011 వరకు మన భారత జట్టుకు కోచ్.)

కోచ్‌గా అసాధారణం

1979లో గోథెన్‌బర్గ్ జట్టు ఆయన చేతికి వచ్చింది. 1982లో ఆ జట్టు జర్మనీకి చెందిన హాంబర్గ్‌ను రెండు మ్యాచ్‌ల ఫైనల్లో 1-0, 3-0తో ఓడించి యుయెఫా కప్ గెలిచింది. యూరప్ ట్రోఫీ గెలిచిన మొదటి స్వీడన్ క్లబ్ అదే. ఓడిన హాంబర్గ్ మరుసటి ఏడాదే యూరోపియన్ కప్ గెలిచిందంటే ఆ విజయం విలువ అర్థమవుతుంది. 2000లో ఇటలీలో లాజియోను లీగ్ విజేతగా నిలిపారు. 2001లో ఇంగ్లండ్ జట్టుకు మొదటి విదేశీ కోచ్ అయ్యారు.

ఓటములూ ఉన్నాయి. ఆయన హయాంలో ఇంగ్లండ్ మూడు పెద్ద టోర్నీల్లోనూ క్వార్టర్ ఫైనల్లోనే ఆగిపోయింది. అయినా 2024లో ఆయన కన్నుమూసినప్పుడు ఫుట్‌బాల్ లోకమంతా గౌరవంగా తలచుకుంది.

మైదానం బయట కూడా దారులున్నాయి

1994 వరల్డ్ కప్‌లో స్వీడన్ మూడో స్థానంలో నిలిచింది. కామెరూన్‌తో తొలి మ్యాచ్‌లో గోల్స్ చేసిన డిఫెండర్ రోజర్ యుంగ్, ఫార్వర్డ్ మార్టిన్ డాలిన్ ఇద్దరూ తర్వాత ఏజెంట్లు అయ్యారు. ఆటగాళ్ల తరఫున క్లబ్బులతో ఒప్పందాలు మాట్లాడడం ఏజెంట్ పని. దీనికి లైసెన్స్ కావాలి. 2023లో ఫిఫా మళ్లీ మొదలుపెట్టిన పరీక్షలో గంటలో 20 ప్రశ్నలు రాయాలి, పాసవ్వాలంటే 75 శాతం రావాలి. ప్రశ్నలన్నీ నిబంధనల మీదే. అంటే లెక్కలు, భాష, చట్టం తెలిసినవారికి ఆటలో కూడా పని ఉంది. చదువు, ఆట ఒకదానికొకటి శత్రువులు కావు.

ఇంట్లో ఇలా చేసి చూడండి

1. సెలక్షన్ కాని రోజు సలహా ఇవ్వకండి. "ఈ రోజు ఏం జరిగింది నాన్నా?" అని అడిగి, పూర్తిగా వినండి.

2. మ్యాచ్ చూస్తున్నప్పుడు "నువ్వు కోచ్ అయితే ఇప్పుడు ఎవరిని మారుస్తావు, ఎందుకు?" అని అడగండి. కారణం చెప్పడం అలవాటైతే అది పరీక్ష జవాబుల్లోనూ కనిపిస్తుంది.

3. స్కోరు రాయడం, చిన్న పిల్లలకు నేర్పడం, రిఫరీగా ఉండడం వంటి పనులు చేయనివ్వండి. ఏ పనిలో మీ అమ్మాయి లేదా అబ్బాయి టైమ్ మరిచిపోతున్నారో గమనించి, వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో మాకు చెప్పండి.

ఆడే పిల్లలందరూ ఎరిక్సన్‌లు కారు, కావాల్సిన అవసరమూ లేదు. కానీ పద్నాలుగేళ్లకు లిస్టులో పేరు రాలేదన్నది ఆ ఒక్క రోజు ఫలితం మాత్రమే. ఆ పిల్లలు దేనికి పనికొస్తారో చెప్పే అధికారం ఆ లిస్టుకు లేదు. దయచేసి మనమూ దానికి ఆ అధికారం ఇవ్వొద్దు.

మీ ఇంగ్లిష్ టీచర్