సైకిలు చక్రముల కొలతలు

మరమగ్గములకు పేరొందిన మన నగరిలో నూలు మూటలు మోసిన సైకిలే మనలో అనేకులను కళాశాలకు చేర్చినది. అట్టి 28 అంగుళముల పాత సైకిలుకు 26 అంగుళముల చక్రములు అమర్చవచ్చునా? ఇరుసు పట్టినంత మాత్రమున సరిపోయినట్లు కాదు. టైరు కూర్చుండు చోట రిమ్ము వ్యాసము 28 × 1½ టైరుకు 635, 26 × 1⅜ టైరుకు 590 మిల్లీమీటర్లు. అనగా రిమ్ము ఇరుసు వైపునకు 22.5 మిల్లీమీటర్లు జరుగును. బ్రేకు రబ్బర్లు దానిని సరిగా పట్టవు. చట్రము క్రిందికి దిగుటచే మలుపులో పెడలు నేలకు తగలవచ్చును. ఇక 26 × 1½ టైరుకు ఆ కొలత 584. అంగుళములు ఒకటే అయినను ఒకదాని టైరు మరొక రిమ్ముకు కుదరదు. కనుక మనము అంగుళములతో తృప్తిపడక, టైరు ప్రక్కన 40-635 వలె ముద్రించిన సంఖ్యను చూచి కొనవలెను. నాలుగు రూపాయల ఆదా కన్న బ్రేకు పట్టుట ముఖ్యము.