కళ్లకు గంతలు కట్టుకుని వినడం ఎలా?

"బావా, స్పీకర్లకి ఈ వైరు పెట్టి చూడు. ఘంటసాల మన ఎదురుగా కూర్చుని పాడినట్టుంటుంది," అన్నాడు మా బావ, వేలు లావున్న వైరు చుట్ట నా ఒళ్లో పడేసి. ఇంకొకాయన ఆంప్లిఫైయర్ మీద రాయి పెట్టమంటాడు. మరొకాయన సీడీ అంచుకి ఆకుపచ్చ మార్కర్ పూయమంటాడు. మీకూ ఇలాంటి సలహాలు వస్తే వెంటనే నవ్వకండి.

చిన్న మార్పుకీ విలువ ఉండొచ్చు. మా హనుమాన్ జంక్షన్‌కి దగ్గర్లోనే ఉన్న నూజివీడులో పనస కర్రతో వీణలు చేస్తారు. మైనం మీద 24 మెట్లు కూర్చేటప్పుడు పనివాడు తీగ మీటి, విని, మెట్టుని వెంట్రుకవాసి జరిపి మళ్లీ మీటుతాడు. ఆ కాస్త జరపడంలో ఏముందిలే అనిపిస్తుంది చూసేవాళ్లకి. శ్రుతి ఉన్నది అక్కడే. అలాగని ఆయన ఎవరో చెప్పారని జరపడు, మీటి చూశాకే జరుపుతాడు.

ముందు డబ్బు ఖర్చు లేని పనులు చేయండి. గది మధ్య నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టండి. టైల్స్ నేల, స్లాబు ఇల్లయితే చప్పట్ల వెనకే సన్నగా మోత వస్తుంది. నేల మీద బొంత పరిచి మళ్లీ కొట్టండి, తేడా మీకే తెలుస్తుంది. తర్వాత ఘంటసాల పాత పాట ఒకటి పెట్టండి. ఆ రోజుల్లో రికార్డింగు మోనో, రెండు స్పీకర్లలోనూ ఒకటే శబ్దం. అంచేత గొంతు సరిగ్గా మధ్యలో నిలబడాలి. ఎటూ కాకుండా చెదిరిపోయి, డోలక్ దెబ్బ పల్చబడిందంటే ఒక స్పీకరుకి ఎరుపు, నలుపు వైర్లు తారుమారయ్యాయేమో చూడండి. ఇది సరిచేయకుండా వేలు పోసి వైర్లు కొనేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది.

ఇప్పుడు పరీక్ష. ఒకసారికి ఒక్కటే మార్చండి. బాగా తెలిసిన పాటలో అర నిమిషం ముక్క చాలు. చిట్టిబాబు వీణలో తీగ మీటిన తొలి క్షణం ఇందుకు బాగా పనికొస్తుంది.

శబ్దం రెండుసార్లూ ఒకే స్థాయిలో ఉండాలి. అందరూ మోసపోయేది ఇక్కడే. రవ్వంత ఎక్కువ పలికితే చెవి దాన్ని 'ఎక్కువ' అనదు, 'స్పష్టంగా ఉంది' అంటుంది. 100 హెర్ట్జ్ టోన్ పెట్టి, స్పీకరు దగ్గర మల్టీమీటరుతో ఏసీ వోల్టులు చూడండి. రెండు రీడింగుల మధ్య తేడా 2 శాతం దాటకూడదు.

తర్వాత కళ్లకి గుడ్డ కట్టుకోండి. వెనకాల మేనల్లుడు నాణెం ఎగరేస్తాడు. బొమ్మ పడితే పాత వైరు, బొరుసు పడితే కొత్తది. పాత వైరే మళ్లీ వచ్చినా ఊడదీసి బిగించాలి, లేకపోతే పట్టిన సమయాన్ని బట్టి కనిపెట్టేస్తారు. మీరు విని ఏ వైరో చెప్పండి, వాడు నోరు విప్పకుండా కాగితం మీద రాసుకోవాలి. ఇలా 10 సార్లు. గుడ్డిగా చెప్పినా సగం కరెక్టవుతాయి. 9 గానీ 10 గానీ ఊరికే కలిసొచ్చే అవకాశం సుమారు నూటికి ఒకటి. అంత వస్తే ఆ సలహాని గౌరవించండి.

వైరు విషయంలో నాకు 6 వచ్చాయి, బావకి 5. లెక్క చూస్తే వింతేం లేదు. కరెంటు షాపులో దొరికే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు 4 మీటర్లు పోయి వచ్చినా నిరోధం 0.06 ఓమ్ లోపే. స్పీకరుది 8 ఓమ్‌లు.

కానీ స్పీకర్ల కింద ఇటుకలు పెట్టమన్న పక్కింటాయన్ని చూసి పకపకా నవ్వాను. పరీక్షలో 9 వచ్చాయి! తర్వాత అర్థమైంది: ఇటుకల ఎత్తుకి ట్వీటరు, అంటే సన్నటి శబ్దాలు పలికే చిన్న స్పీకరు, సరిగ్గా నా చెవి ఎదురుకి వచ్చింది.

ఒక్క సలహా మాత్రం పరీక్షకి కూడా వద్దు. గుయ్యిమనే మోత పోవాలంటే ప్లగ్గు ఎర్త్ పిన్ తీసేయమంటారు. షాక్ కొట్టే ప్రమాదం ఉంది.

బావ తన వైరు తను పట్టుకుపోయాడు. "నాకు వినిపిస్తోంది బావా, నువ్వేమన్నా అనుకో," అన్నాడు. ఇటుకల ఎర్ర దుమ్ము టైల్స్ మీద పడుతోందని మా ఆవిడ పాత కర్టెన్ గుడ్డతో వాటికి తొడుగులు కుట్టింది.