నొప్పి ఒకచోట, కారణం మరొకచోట

తెల్లవారుజామున బెంగళూరులోని కబ్బన్ పార్కుకో, లాల్‌బాగ్‌కో వెళ్ళి చూడండి. చిన్నా పెద్దా ఎందరో పరుగెత్తుతూ కనిపిస్తారు. 2008లో ఈ నగరంలో మొదలైన పది కిలోమీటర్ల పరుగుపందెంలో నేడు వేలాది మంది పాల్గొంటున్నారు. పరుగు గుండెకు, ఊపిరితిత్తులకు బలాన్నిస్తుంది. అయితే పరుగెత్తేవారిలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు కాలినొప్పి వస్తుంది. అది ఎందుకు వస్తుందో, దానిని ఫిజియోథెరపీ ఎలా నయం చేస్తుందో తెలుసుకుందాం.

ఎనిమిదో తరగతి చదివే ఒక బాలికను ఊహించుకోండి. పాఠశాల ఆటలపోటీలు నెలరోజుల్లో ఉన్నాయి. సెలవుల్లో ఆమె పరుగు జోలికే పోలేదు. ఇప్పుడు ఒక్కసారిగా రోజుకు ఐదు కిలోమీటర్లు పరుగెత్తడం మొదలుపెట్టింది. పది రోజులకు కుడి మోకాలు నొప్పి పుట్టింది. పోటీనుండి తప్పిస్తారేమోనని ఎవరికీ చెప్పలేదు. ఆమె కుంటడం చూసి అవ్వ పసిగట్టి కాపడం పెట్టింది. నొప్పి తగ్గింది. కాని పరుగెత్తగానే మళ్ళీ వచ్చింది. చివరికి తండ్రి ఆమెను ఆసుపత్రికి తీసుకువెళ్ళాడు.

ఎముకకు ప్రమాదమేమీ లేదని వైద్యుడు చెప్పి, ఫిజియోథెరపిస్టు వద్దకు పంపాడు. ఆమె మోకాలిని మాత్రమే చూసి ఊరుకోలేదు.

"ఒంటికాలిమీద నిలబడి మోకాలు కొద్దిగా వంచు తల్లీ" అన్నది.

బాలిక వంచగానే మోకాలు లోపలివైపుకు ఒరిగింది.

"చూశావా! నొప్పి మోకాల్లో ఉంది. కాని తుంటి దగ్గరి కండరాలకు బలం చాలడం లేదు. అందువల్ల మోకాలి చిప్పమీద ఒత్తిడి ఎక్కువవుతున్నది. పైగా ఒక్కసారిగా పరుగు పెంచావు."

"మరి పరుగు మానెయ్యాలా మేడమ్?"

"అక్కరలేదమ్మా. కొన్నాళ్ళు తగ్గించాలి. ఈలోగా తుంటికీ, తొడకూ బలం తెచ్చుకోవాలి."

పరుగెత్తేటప్పుడు పాదం నేలను తాకిన ప్రతిసారీ మన శరీరం బరువుకు రెండు మూడు రెట్ల బలం కాలిమీద పడుతుంది. కిలోమీటరుకు ఇంచుమించు వేయి అడుగులు వేస్తాం. ఇంత భారాన్ని ఎముకలు, కండరాలు మోయగలవు. కాని అందుకు వాటికి వ్యవధి కావాలి. భారానికి తగినట్లు ఎముక తనను తాను మార్చుకుంటుందని జర్మన్ శస్త్రవైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లో వివరించాడు. ఆ మార్పుకు వారాలు పడుతుంది. వ్యవధి ఇవ్వకుండా భారం పెంచుతూ పోతే ఎముకలో సన్నని చీలిక కూడా రావచ్చు.

ఎదిగే పిల్లలకు మరొక ఇబ్బంది ఉంది. మోకాలి చిప్పకు దిగువన ఎముక ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు. పరుగులో, గెంతడంలో తొడ కండరం దానిని పదేపదే లాగడంవల్ల అక్కడ వాపు, నొప్పి వస్తాయి. అమెరికా వైద్యుడు రాబర్ట్ ఆస్‌గుడ్, స్విట్జర్లండ్ వైద్యుడు కార్ల్ ష్లాటర్ 1903లో దీనిని విడివిడిగా వర్ణించారు. ఎదుగుదల పూర్తయ్యేసరికి ఇది సాధారణంగా తగ్గిపోతుంది.

కాపడం, మర్దన బాధను తగ్గిస్తాయి గాని కారణాన్ని తొలగించవు. ఫిజియోథెరపిస్టు నడకను, పరుగును పరిశీలిస్తారు. బలహీనమైన కండరాలను గుర్తించి తగిన వ్యాయామాలు నేర్పుతారు. పక్కకు తిరిగి పడుకొని కాలు పైకెత్తడం, మునివేళ్ళమీద లేచి మెల్లగా దిగడం అటువంటివే. అవి చూడడానికి చిన్నవే. కాని వారాల తరబడి విడవకుండా చేయాలి.

ఎముకపై ఒకేచోట వేలితో నొక్కితే నొప్పి పుట్టినా, రాత్రివేళ నొప్పి వేధించినా, కాలు మోపలేకపోయినా వెంటనే వైద్యునికి చూపించాలి.

మన బాలిక ఆ ఏడాది పోటీలో పరుగెత్తలేదు. మైదానం అంచున నిలబడి స్నేహితురాళ్ళను ఉత్సాహపరిచింది. ఆ రోజు ఆమెకు ఏడుపు వచ్చింది. అయినా వ్యాయామం మానలేదు. మరుసటి ఏడాది నొప్పి లేకుండా పరుగెత్తింది. నొప్పిని దాచడం ధైర్యం కాదు. సమయానికి చెప్పడమే వివేకం.

ఆలోచించి చెప్పండి

1. బాలిక తన నొప్పిని ఎందుకు దాచింది? మీరైతే ఏమి చేసేవారు?
2. కాపడం పెట్టినా నొప్పి మళ్ళీ ఎందుకు వచ్చింది?
3. "నొప్పి ఒకచోట, కారణం మరొకచోట" అన్న మాట ఇంకా ఏయే సందర్భాలకు వర్తిస్తుంది? ఐదు వాక్యాలు రాయండి.