కట్టె ఇంటికి తెచ్చాం, చేనుకు ఏం తోలాం?

వేరుశనగ గాలిలోని నత్రజనిని పడుతుంది, కాబట్టి నేల దానంతటదే బాగుపడుతుందనే ధీమా అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాల ఎర్రనేలల్లో చాలామందికి ఉంది. వేరు బుడిపెలు నత్రజనిని పట్టేది నిజమే. అందులో ఎక్కువ భాగం గింజలోకీ ఆకులోకీ వెళ్తుంది. మనమేమో చెట్టును వేళ్లతో సహా పీకి, కాయను మార్కెట్టుకు, కట్టెను పశువులకు చేరుస్తాం. చేలో మిగిలేది రాలిన ఆకే. కట్టె తిన్న ఎద్దుల పేడ మళ్లీ అదే చేనుకు వచ్చినన్నాళ్లు కొంత సరిపోయింది. ఎద్దులు పోయాక కట్టె కూడా అమ్ముడుపోతోంది.

కాబట్టి తొలకరికి ముందు మొదటి పని ఎరువు తోలడం. ఎకరాకు 4 టన్నుల పశువుల ఎరువు వేయమంటారు. రెండు పశువులున్న ఇంట్లో ఐదెకరాలకు అంత ఎక్కడ దొరుకుతుంది? ఉన్న కాస్తా అంతటా చల్లకండి. ఈ ఏడు ఒక మడికి నిండుగా తోలండి, వచ్చే ఏడు ఇంకో మడికి. చేలో కుప్పలు పోసి ఎండకు వదిలేస్తే నత్రజని గాలికి పోతుంది. చల్లిన రోజే గుంటక తోలి మట్టిలో కలపాలి. గొర్రెల మంద దొరికితే కట్టించండి. పేడతో పాటు మూత్రమూ చేలోనే పడుతుంది. చెరువు మట్టి తేలిక నేలకు తేమను నిలుపుతుంది, కానీ చౌడు ఉన్నదీ లేనిదీ పరీక్ష చేయించాకే బండి కట్టండి. గట్ల మీద గ్లైరిసిడియా కొమ్మలు నాటితే, నాలుగు వానలు పడి నిలదొక్కుకున్నాక ఏటా పచ్చిరొట్ట అక్కడే దొరుకుతుంది.

మట్టి పరీక్షకు చేలో ఎనిమిది పది చోట్ల, 15 సెంటీమీటర్ల లోతున మట్టి తీసి, కలిపి, అరకిలో పంపండి. చెట్ల కింద, గట్ల పక్కన, దిబ్బ ఉన్నచోట తీయవద్దు.

దుకాణంలో డీఏపీ ఒక్కటే అడగడం మనకు అలవాటైంది. అందులో గంధకం లేదు, కాల్షియం లేదు. వేరుశనగకు రెండూ కావాలి. వర్షాధార పంటకు ఎకరాకు 100 కిలోల సింగిల్ సూపర్, 33 కిలోల పొటాష్, 18 కిలోల యూరియా దుక్కిలో వేస్తే చాలు. పరీక్షలో భాస్వరం ఎక్కువని తేలితే సూపర్ తగ్గించి ఆ డబ్బు మిగుల్చుకోండి. జింకు తక్కువైతే 20 కిలోల జింక్ సల్ఫేటు వేయండి. అయితే దాన్ని సూపర్‌తో కలిపి చల్లవద్దు.

జిప్సం మాత్రం ఇప్పుడు కాదు. ఊడలు దిగే వేళకు ఎకరాకు 200 కిలోలు, నేలలో పదును ఉన్నప్పుడు, మొదళ్ల దగ్గర వేసి మట్టి ఎగదోయాలి. కాయ తనకు కావలసిన కాల్షియాన్ని చుట్టూ ఉన్న మట్టి నుంచే నేరుగా తీసుకుంటుంది, అందుకే చాలు తప్పి పడిన జిప్సం అంతగా పనికిరాదు. 45 రోజులు దాటాక గుంటక పెట్టవద్దు, దిగిన ఊడలు తెగుతాయి.