స్ప్రేయరుకు పట్టు తుప్పు: రకములు, కారణములు, నివారణ



మిరప కోతలు ముగియగానే స్ప్రేయరును గోడకు తగిలించి, మరుసటి పైరుకు తెగులు వచ్చినప్పుడు తీసి చూచువారు మనలో పెక్కుమంది కలరు. అప్పటికి పంపు బిగిసియుండును, నాజిల్ పూడియుండును, అతుకుల వద్ద నీరు కారుచుండును. సామాను నాసిరకమని అంగడివానిని నిందింతుము. కాని అనేక పర్యాయములు దోషము తుప్పుది. అది ఎట్లు పుట్టునో తెలిసికొన్నచో నివారించుట కష్టము కాదు.

మామూలు తుప్పు: తేమ, గాలిలోని ప్రాణవాయువు రెండును కూడినప్పుడే ఇనుము తుప్పు పట్టును. ఈ తుప్పు పెచ్చులుగా రాలిపోవును గనుక లోపలి ఇనుమును కాపాడజాలదు. మన నల్లరేగడి మట్టి తేమను చాలసేపు పట్టియుంచును. కర్రుకు, గుంటక పాసకు అంటిన మట్టిని ఆ సాయంకాలమే గీకి, తుడిచి, నూనె పూయవలెను.

గుంటల తుప్పు: ఉప్పు సోకినచోట లోహము పైపైన గాక, సూది పొడిచినట్లు లోతుగా తినివేయబడును. ఒంగోలు, చీరాల వైపు సముద్రపు గాలిలో ఉప్పు కలదు. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ ఎరువులోను క్లోరైడు కలదు. స్టెయిన్‌లెస్ స్టీలుకు సైతము దీని బెడద తప్పదు.

రెండు లోహముల తుప్పు: ఇత్తడి గొట్టమునకు ఇనుప మరను బిగించి తడిపినచో, వాటి నడుమ స్వల్పముగా విద్యుత్తు ప్రవహించి, ఇనుము త్వరగా క్షీణించును. కావున ఇత్తడికి ఇత్తడి మరనే వాడుడు. జింకుపూత రేకులో జింకు తాను ముందు కరిగి ఇనుమును కాపాడును. పూత లేచిపోయిన పిదప ఆ రక్షణ యుండదు.

మైలుతుత్తము: దీని ద్రావణములో ఇనుప కత్తిని ముంచిన యెడల, ఇనుము కరిగి, దాని స్థానమున ఎఱ్ఱని రాగి పేరుకొనును. అందుచేతనే ఒక శాతము బోర్డోమిశ్రమమునకు 1 కిలో మైలుతుత్తమును 50 లీటర్ల నీటిలోను, 1 కిలో సున్నమును 50 లీటర్ల నీటిలోను, ప్లాస్టిక్ లేక మట్టి పాత్రలలో వేరువేరుగా కలుపవలెను. మైలుతుత్తపు నీటిని సున్నపు నీటిలో పోయుచు కలియబెట్టవలెను. పిదప శుభ్రమైన కత్తిని ముంచి చూడుడు. ఎఱ్ఱని పూత పట్టినచో ఇంకను సున్నము కావలెనని గ్రహింపుడు. మిశ్రమమును ఆనాడే వాడవలెను.

ఇత్తడి పగుళ్లు: పందొమ్మిదవ శతాబ్దమున మన దేశములో బ్రిటిషు సైన్యపు ఇత్తడి తూటాలు వానకాలమున వాటంతట అవే పగిలెడివి. గుఱ్ఱపుసాలలోని మూత్రమునుండి వెలువడు అమ్మోనియాయే కారణమని 1921లో శోధకులు తేల్చిరి. బిగింపులో నున్న ఇత్తడికి అమ్మోనియా, తేమ తోడైనచో పగులును. స్ప్రేయరును యూరియా బస్తాల చెంతను, పశువుల పాకలోను ఉంచరాదని దీనివలన తెలియుచున్నది.

చేయవలసిన పనులు:

1. పని ముగిసినంతనే టాంకీని మూడుసార్లు మంచినీటితో కడిగి, ఆ నీటిని నాజిల్ గుండ కొట్టివేయుడు. కడిగిన నీరు బావిలోను, కాలువలోను పడనీయరాదు.
2. మందును రాత్రియంతయు టాంకీలో నిలువ యుంచరాదు.
3. నాజిల్‌ను విప్పి మెత్తని బ్రష్షుతో శుభ్రపరచుడు. నోటితో ఊదరాదు.
4. తలక్రిందులుగా నుంచి ఆరబెట్టి, కదలెడు లోహభాగములకు నూనె వేసి, పొడిచోట భద్రపరచుడు.
5. అరిగిన వాషర్లను సీజనుకు ముందే మార్చుడు.

ఇది డబ్బు సంగతి మాత్రమే కాదు. తుప్పు తిన్న అతుకునుండి కారు పురుగుమందు, వీపున టాంకీ మోయువాని చొక్కాను తడిపి, చర్మముగుండ లోనికి దిగును. ఆ మోయువాడు మీరు కావచ్చును, మీ కుమారుడు కావచ్చును, కూలికి వచ్చిన వేరొకరు కావచ్చును. కాన మందు కలుపుటకు ముందు మంచినీరు పోసి పంపు కొట్టి చూడుడు. ఒక్క చుక్క కారినను బాగుచేయించిన పిమ్మటనే చేనులోనికి దిగుడు.