హాలోవీన్: మిఠాయి కన్నా రోడ్డుతోనే జాగ్రత్త

సందేహం: మా పాపకు ఆరేళ్లు. అక్టోబర్ 31న, హాలోవీన్ రోజు, పక్కింటి పిల్లలతో కలిసి ఇంటింటికీ తిరిగి మిఠాయిలు తెచ్చుకునే ట్రిక్-ఆర్-ట్రీట్‌కి వెళ్తానంటోంది. ముక్కూమొహం తెలియనివాళ్లు ఇచ్చే చాక్లెట్లలో విషమో, బ్లేడు ముక్కో ఉంటుందని ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారు ఒకటే కంగారు. పంపమంటారా?
- ఒక తల్లి, ఫ్రిస్కో, టెక్సాస్

సమాధానం: పంపండి. వెంట మీరో, మీవారో వెళ్లండి. మీ అత్తగారిది కొత్త భయమేమీ కాదు, అమెరికన్లే దశాబ్దాలుగా భయపడుతున్నారు. జోయెల్ బెస్ట్ అనే సామాజిక శాస్త్రవేత్త 1958 నుంచి వచ్చిన ఇలాంటి వార్తలన్నీ తవ్వి చూశారు. పరాయివాడు ఇచ్చిన హాలోవీన్ మిఠాయి తిని ఏ బిడ్డయినా చనిపోయినట్టు రుజువైన కేసు ఆయనకు ఒక్కటీ దొరకలేదు. 1974లో మీ టెక్సాస్‌లోనే ఎనిమిదేళ్ల బాబు సైనైడ్ కలిపిన మిఠాయి తిని చనిపోయాడు. అది పెట్టింది బీమా సొమ్ముకు ఆశపడిన కన్నతండ్రి! అయినా పాపకు వచ్చినవన్నీ ఇంటికొచ్చాక ఓసారి చూసి, చుట్టకాగితం విడిపోయినవి పారేయండి. అంతకుమించి బెంగ అక్కర్లేదు.

బెంగపడాల్సింది కార్ల గురించి. 1975 నుంచి 2016 వరకు అమెరికా రోడ్డు ప్రమాదాల లెక్కలు తీసిన పరిశోధకులు, ముందువారం, తర్వాతివారం సాయంత్రాలతో పోలిస్తే హాలోవీన్ సాయంత్రం పాదచారుల మరణాల ముప్పు 43 శాతం ఎక్కువని తేల్చారు. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకైతే ఏకంగా పది రెట్లు. మీ పాపది సరిగ్గా ఆ వయసే.

మీ ఊళ్లో ఆ రోజు ఆరున్నర దాటాకే పొద్దు గుంకుతుంది కాబట్టి వెలుగుండగానే బయల్దేరండి. వీధికి ఒక వైపు ఇళ్లన్నీ ముగించాకే, మలుపు దగ్గర రోడ్డు దాటండి. ఆగి ఉన్న కార్ల మధ్యనుంచి దూరనివ్వద్దు. నల్ల మంత్రగత్తె వేషమే కావాలని మారాం చేస్తే వేయండి, కానీ వీపు మీద, సంచి మీద రిఫ్లెక్టివ్ టేప్ అంటించండి. గౌను చీలమండ దాటకూడదు. మాస్కు చూపుకి అడ్డం, ముఖానికి రంగులు చాలు. గుమ్మంలో దీపం వెలగని ఇంటికి వెళ్లొద్దు. వెలిగినా లోపలికి మాత్రం వెళ్లొద్దు.

సందేహం: మా బాబుకి పల్లీలు పడవు. వాడు వెళ్లొచ్చా?
- ఒక తండ్రి, ఎడిసన్, న్యూజెర్సీ

సమాధానం: వెళ్లొచ్చు. ఇంటికొచ్చేదాకా ఒక్కటీ నోట్లో పెట్టుకోకూడదన్నది మాత్రం షరతు. డాక్టరు ఎపిపెన్ (అలర్జీ ఇంజెక్షన్) రాసి ఉంటే అది మీ జేబులో ఉండాలి. పెద్ద ప్యాకెట్‌లో పల్లీ లేకపోయినా, అదే చాక్లెట్ చిన్న సైజులో వేరే దినుసులతో ఉండొచ్చు. లేబుల్ లేనిదాన్ని పక్కన పెట్టేయండి. గుమ్మంలో నీలం, ఆకుపచ్చ కలిసిన టీల్ రంగు గుమ్మడికాయ కనిపిస్తే ఆ ఇంట్లో తినుబండారాలు కాకుండా చిన్న బొమ్మలు కూడా ఇస్తారని గుర్తు. మీరూ ఒకటి పెట్టండి.

సందేహం: రెండేళ్ల చిన్నదానికి ఏవి పెట్టొచ్చు?
- ఒక అమ్మమ్మ

సమాధానం: నాలుగేళ్లు నిండేదాకా గట్టి బిళ్లలు, గింజలు, సాగే మిఠాయిలు వద్దు, గొంతుకి అడ్డం పడతాయి. గంజాయి గమ్మీలు అచ్చం మామూలు గమ్మీల్లాగే ఉంటాయి కాబట్టి, ఎక్కడివో తెలియనివి ఏ వయసు పిల్లలకూ పెట్టొద్దు. పొరపాటున తింటే అమెరికాలో పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222 రాత్రీపగలూ పలుకుతుంది. పిల్ల మగతగా ఉన్నా, ఊపిరి ఆడకపోయినా నేరుగా 911కే ఫోన్ చేయండి.